చుట్టపు చూపు

మాది నల్లగొండ జిల్లా. డాక్టరు చదువు మాత్రం రష్యాలో చదివాను, వోల్గా నది ఒడ్డున ఉన్న ట్వేర్ అనే పట్నంలో. మాస్కో నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్ పోయే రైలు దారి మీద, మాస్కోకు దాదాపు 170 కిలోమీటర్ల దూరం. ఆ చదువు ముచ్చట్లు ఇంకెప్పుడైనా చెప్పుకోవచ్చు. ఈ పూట మీకు ఒక్క రోజు గురించి చెప్తాను. 2003 జులైలో ఒక రోజు, పొద్దున్నే బస్సెక్కిన దగ్గర్నుంచి రాత్రి పదింటికి పొద్దు గుంకేదాకా. ఆ దేశంలో వేసవి పొద్దు అంత ఆలస్యంగా గుంకుతుంది.

ఆ ఏడు సెలవులకు నేను ఇంటికి రాలేదు. టికెట్టుకు డబ్బులు లేవు. ట్వేర్‌లో ఆదివారం ఆదివారం నేను వెళ్ళే చిన్న బాప్టిస్టు సంఘం ఒకటి ఉండేది. చెక్క ఇల్లు, నలభై యాభై మంది మనుషులు, అందులో ఎక్కువమంది ముసలమ్మలు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. అమెరికా నుంచి ఒక చర్చివాళ్ళు పన్నెండు మంది పది రోజుల కోసం వస్తున్నారనీ, అడవి పక్కన ఒక పల్లెలో ఉన్న పిల్లల దగ్గరికి వాళ్ళను తీసుకుపోవాలనీ, ఇటు మాట అటూ అటు మాట ఇటూ చెప్పే మనిషి కావాలనీ అన్నారు. సరేనన్నాను. మన దగ్గర ఎండాకాలం సెలవుల్లో వి.బి.ఎస్., అంటే వెకేషన్ బైబిల్ స్కూల్, జరుగుతుంది కదా, పాటలు, బొమ్మలు, కథ, కంఠత వాక్యం, ఆఖరి రోజు మిఠాయిలు. నేను వాటిల్లోనే పెరిగాను. ఆ పనే ఇంకో భాషలో చేయబోతున్నాననుకున్నాను.

ఇట్లాంటి ప్రయాణాలను షార్ట్ టర్మ్ మిషన్ అంటారు. ఉద్యోగానికి సెలవు పెట్టుకొని, తమ డబ్బుతో టికెట్టు కొనుక్కొని, వారమో పది రోజులో పోయి సేవ చేసి వస్తారు. 1990లో సోవియట్ ప్రభుత్వం మత స్వేచ్ఛ చట్టం తెచ్చాక, తలుపు తీయడమే ఆలస్యమన్నట్టు అట్లాంటివాళ్ళు రష్యాకు వేలల్లో వచ్చారు. మా దగ్గరికి వచ్చినవాళ్ళు మంచి మనుషులు. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను చెప్పేవి కొన్ని బరువుగా ఉంటాయి. వాళ్ళ నాయకుడు అరవై దాటిన రిటైర్డు బడిపంతులు. అందరికన్నా చిన్నది పందొమ్మిదేళ్ళ కాలేజీ అమ్మాయి. మిగిలినవాళ్ళలో ఒక వడ్రంగి, ఒక నర్సు, ఇద్దరు ముగ్గురు గృహిణులు. పిల్లలంటే ప్రాణం పెట్టేవాళ్ళు.

ఆ ఇంటికి మేం నాలుగు రోజులు వెళ్ళాం. నేను చెప్పేది నాలుగోది, చివరిది.

పొద్దున ఆరున్నరకు పాజిక్ అని పిలిచే చిన్న బస్సు వచ్చింది. మాతోపాటు మా సంఘం నుంచి ఇద్దరు ముసలమ్మలు ఎక్కారు, చేతుల్లో కుట్టుపని సంచులతో. ట్వేర్‌లో వోల్గా ఒడ్డున అఫనాసీ నికీతిన్ విగ్రహం ఉంది. నేను ఇండియా అమ్మాయినని తెలిసిన ప్రతి ట్వేర్ మనిషీ ఆయన పేరే ఎత్తేవాడు. 15వ శతాబ్దంలో ఈ ఊరి నుంచి బయలుదేరి, మూడు సముద్రాలు దాటి, బహమనీల బీదర్ దాకా వచ్చిన వర్తకుడాయన. అక్కడి జనంతో కలిసి శివరాత్రికి ‘పర్వతం’ పోయానని రాసుకున్నాడు. అది మన శ్రీశైలమేనని చరిత్రకారులు అంటారు. దారిలో దొంగలు ఆయన పుస్తకాలు ఎత్తుకుపోయారు. దానితో ఈస్టర్ ఎప్పుడొస్తుందో లెక్క కట్టుకోలేక, ఉపవాసాలు ఎప్పుడుండాలో తెలియక, పరాయి దేశంలో ఆ మనిషి కుమిలిపోయాడు. తిరుగు దారిలో స్మోలెన్స్క్ దగ్గర చనిపోయాడు, సొంత ఊరు చేరనే లేదు. ఈ కథ బస్సులో చెప్తుంటే అందరూ కిటికీల్లోంచి నదిని చూస్తూ విన్నారు. నాకు ఆ మనిషి మీద ఎప్పుడూ ఒక ప్రేమ. మా వైపు ఊళ్ళకు వచ్చి, తన దేవుడి పండుగ ఏ రోజో తెలియక ఏడ్చినవాడు. ఆయన ఊళ్ళో ఉండి నేను నా పండుగలు చేసుకుంటున్నాను.

రెండు గంటల ప్రయాణం. దారి పొడవునా భూర్జ చెట్లు, కిటికీలకు చెక్కిన చట్రాలున్న పాత చెక్క ఇళ్ళు. చివర్న రెండంతస్తుల ఇటుక భవనం. దాన్ని రష్యన్లు ‘దెత్‌స్కి దోమ్’ అంటారు, మాటకు మాట ‘పిల్లల ఇల్లు’.

అనాథాశ్రమం అని నేను అననందుకు కారణం ఉంది. అక్కడున్న అరవై చిల్లర మందిలో తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయినవాళ్ళు కొందరే. మిగిలినవాళ్ళకు తల్లో తండ్రో ఎక్కడో ఒకచోట బతికే ఉన్నారు. రష్యా అంతటా ఇదే పరిస్థితి. దానికి వాళ్ళ దగ్గర ఒక మాట కూడా ఉంది, ‘సామాజిక అనాథలు’. సోవియట్ యూనియన్ 1991లో విడిపోయాక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, సమష్టి వ్యవసాయ క్షేత్రాలు కూలిపోయాయి. నెలల తరబడి జీతాలు రాలేదు. 1998 ఆగస్టులో రూబుల్ ఒక్కసారిగా పడిపోయి, దాచుకున్న కాస్తా పోయింది. వోద్కా మాత్రం దొరికేది. తాగి పడిపోయే ఇంట్లో పిల్లలు ఆకలితో ఉన్నారని ఇరుగుపొరుగు చెప్తే కోర్టు తల్లిదండ్రుల హక్కును రద్దు చేసేది. అట్లా వచ్చినవాళ్ళు ఈ పిల్లలు. అంటే, తల్లి ఏ ఊళ్ళో ఉందో తెలిసీ ఆమె దగ్గర ఉండటానికి లేనివాళ్ళు.

గుమ్మంలోకి అడుగు పెట్టగానే చెప్పులు విడవాలి. రష్యాలో ఏ ఇంట్లోనైనా అంతే, మనలాగే. కాని ఉత్త కాళ్ళతో తిరగరు, లోపల వేసుకోవడానికి తాపచ్కి అనే మెత్తటి చెప్పులు ఉంటాయి. ఆ ఇంట్లో గోడ పొడవునా చెక్క అరలు ఉండేవి. ఒక్కో అరలో ఒక్కో పిల్ల చెప్పులు, వాటి మీద సిరాతో పేరు. వచ్చిపోయేవాళ్ళ కోసం మూలన ఒక అట్టపెట్టె. అందులో కుడీ ఎడమా కలవని జతలు. నాలుగు రోజులూ మేం ఆ పెట్టెలోంచే తీసుకొని వేసుకున్నాం.

పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి నడుముకు చుట్టుకున్నారు. మొదటి రోజు కూడా అంతే, పేరు అడగకముందే ఒళ్ళోకి ఎక్కారు. అమెరికావాళ్ళు ఆనందంతో ఏడ్చారు. నేనూ అప్పుడు ఆనందపడ్డాను. తర్వాత పిల్లల వైద్యం చదువుతున్నప్పుడు అర్థమైంది, ఇంట్లో పెరిగిన బిడ్డ కొత్తవాళ్ళను చూస్తే అమ్మ కొంగు చాటుకు పోతుంది. కొంగు లేని బిడ్డే ఎవరి మెడకైనా చుట్టుకుంటుంది.

నా పేరు వాళ్ళకు నోరు తిరగలేదు. అక్కడ పిల్లల్ని కనిపెట్టుకొని ఉండే ఆమెను వస్పితాతెల్నిత్స అంటారు. ఆమె చిన్నప్పుడు ‘సీతా ఔర్ గీతా’ సినిమా ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదట. రష్యాలో ఆ సినిమా పేరు ‘జితా ఈ గీతా’. మన హిందీ సినిమాలంటే సోవియట్ కాలపు జనానికి అంత మోజు. ఆమె నన్ను జితా అంది, పిల్లలు తియోత్య జితా అన్నారు, అంటే జితా ఆంటీ. అదే నిలిచిపోయింది.

పదింటికి కార్యక్రమం మొదలైంది. పాటలు పాడారు, పూసలు గుచ్చారు. ఇవి మీకు తెలిసినవే. ఆ పూట జరిగినవాటిలో చెప్పాల్సింది కథ గురించి.

పంతులుగారు ఆ రోజుకు లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుని ఉపమానం ఎంచుకున్నారు. వాళ్ళు పీటర్స్‌బర్గ్ మీదుగా వచ్చారు. అక్కడ హెర్మిటేజ్ మ్యూజియంలో రెంబ్రాంట్ గీసిన మూల చిత్రం ఉంది, తండ్రి ముందు మోకరిల్లిన కొడుకు బొమ్మ. దాని పెద్ద అచ్చు ఒకటి కొని, చుట్టి తెచ్చారు. గోడకు మేకులు కొట్టి తగిలించారు.

నాకు అనువాదం మొదటి వాక్యం దగ్గరే ఆగింది. మన తెలుగు బైబిలు చదివినవాళ్ళం ‘తప్పిపోయిన కుమారుడు’ అంటాం. ఆ మాటలో దయ ఉంది. సంతలో చెయ్యి వదిలిన పిల్లవాణ్ణి కూడా అట్లాగే అంటాం. రష్యన్‌లో వాడుక ‘బ్లూద్నీ సిన్’. అందులో దారి తప్పడమూ ఉంది, నడత చెడటమూ ఉంది. పోలీసు జీపులో ఇక్కడికి వచ్చిన పిల్లలు కొందరు నా ఎదురుగా కూర్చున్నారు. ఆ మాట నోటికి రాలేదు. ‘పోయి, దొరికిన కొడుకు’ అని చెప్పాను. పక్కన సాక్సులు కుడుతున్న మా సంఘం ముసలమ్మ తలెత్తి చూసి, అవునన్నట్టు తలూపింది.

కథ పూర్తయ్యేలోపే పిల్లలు బొమ్మ దగ్గరికి జరిగారు. ఆ కొడుకు తల నున్నగా గొరిగి ఉంటుంది. వేసవిలో పేలు పడతాయని ఇక్కడి మగపిల్లలందరికీ గుండే. ‘వీడికీ గొరిగేశారు!’ అన్నాడొకడు. ‘వీడు కూడా దెత్‌స్కి దోమ్ నుంచి వచ్చాడా?’ అన్నాడు ఇంకొకడు. ఒక కాలి చెప్పు ఊడి పక్కకు పడిపోయి ఉంటుంది, అరిగిన పాదం కనబడుతుంది. ఒక చిన్నపిల్ల ఆ చెప్పు మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

అప్పుడు తొమ్మిదేళ్ళ పిల్లవాడొకడు అడిగాడు. వాడి పేరు చెప్పను, ఆ పిల్లల పేర్లు ఎక్కడా చెప్పనని మాట ఇచ్చాను. ‘అమ్మ ఏది?’ అన్నాడు.

రెండే మాటలు. ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. పంతులుగారు బొమ్మ వైపు తిరిగారు. ఎన్నేళ్ళ నుంచో ఈ కథ చెప్తున్న మనిషి, అందులో తల్లి లేదని ఆ రోజే చూసినట్టుంది. ఆయన నేల మీద కూర్చొని, ఆ పిల్లవాడి కళ్ళల్లోకి చూస్తూ నిదానంగా, ‘నాకు తెలియదు నాయనా. కథలో ఆమె గురించి చెప్పలేదు. నువ్వేమనుకుంటున్నావు?’ అన్నారు. పక్కనున్న ఆడపిల్ల అందుకుంది, ‘వంటింట్లో ఉంది. దూడను కోశారు కదా, మరి ఎవరు వండాలి?’ ఆ పిల్లవాడు ఒప్పుకోలేదు. ‘పనికి పోయింది. దూరం. వస్తుంది.’

ఆ తర్వాత ఇంకో ప్రశ్న ఎవరూ అడగలేదు. పంతులుగారు తాను రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకొని, వాడి పక్కనే కూర్చొని పూసలు గుచ్చారు. నేను చాలా ప్రసంగాలు విన్నాను, కొన్నింటిని అనువాదం చేశాను. ఆయన ఆ కాగితం మడవడం నా మనసులో మిగిలిపోయింది.

రెండేళ్ళ తర్వాత పీటర్స్‌బర్గ్ వెళ్ళినప్పుడు ఆ మూల చిత్రం ముందు నిలబడ్డాను. మనిషి కన్నా ఎత్తైన బొమ్మ. చాలాసేపు చూస్తుంటే, పైన ఎడమవైపు చీకట్లో ఒక స్త్రీ ఆకారం లీలగా కనబడింది. ఆమె ఎవరో ఖాయంగా ఎవరూ చెప్పలేరు. మా అచ్చులో ఆ భాగమంతా ఉత్త నలుపే.

ఒంటిగంటకు భోజనం. బీట్‌రూట్ సూప్, ఉడికించిన గ్రేచ్క అనే గోధుమరంగు గింజలు, మాంసం కట్లెట్టు, ఎండు పళ్ళు ఉడకబెట్టిన కంపోత్. వంటావిడ డెబ్బై ఏళ్ళ బాబుష్క, అంటే అవ్వ. భోజనానికి ముందు ప్రార్థన చేస్తూ మా బృందంలో ఒకామె, యేసును ఈ దేశానికి తీసుకొచ్చే భాగ్యం తమకిచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పింది. నేను ఉన్నదున్నట్టు అనువదించాను. బాబుష్క చేతులు తుడుచుకొని, ఆమె చెయ్యి పట్టుకొని వంటింట్లోకి తీసుకుపోయింది. నేనూ వెంట పోయాను. పిండి డబ్బాల పైన మూలలో చిన్న అర, దాని మీద పొగచూరిన పటం, అందులో యేసు ముఖం. ‘ఆయన ఇక్కడే ఉన్నాడు తల్లీ,’ అంది బాబుష్క. ‘మా అమ్మ ఈయన్ని దుప్పట్ల పెట్టెలో దాచింది. నేను పిండి బస్తాల వెనక దాచాను. ఎక్కడికీ పోలేదు.’

988లో కీవ్ రాజు వ్లాదిమీర్ బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి లెక్కపెట్టుకుంటే, ఆ నేల మీద క్రీస్తు పేరు వెయ్యేళ్ళకు పైబడినది. మా అమెరికా అక్క ఆ సంగతి చదవకుండా రాలేదు. కాని చదవడం వేరు, ఆ మసిపట్టిన ముఖం ముందు నిలబడటం వేరు. ఆమె బాబుష్క చేతులు రెండూ కళ్ళకద్దుకుంది. ఆ మధ్యాహ్నం అంట్లు తోమింది ఆమే.

మా ఇద్దరు ముసలమ్మల సంగతి కూడా చెప్పాలి. 1929లో సోవియట్ ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం సంఘాలు పిల్లలను పోగుచేసి దేవుని గురించి నేర్పడం నేరం. వాళ్ళిద్దరూ ఆ చట్టం కింద పెరిగి, పెళ్ళాడి, పిల్లల్ని కని, ముసలివాళ్ళయ్యారు. వాక్యాలు చేత్తో రాసుకొని, కంఠతా పట్టి, కాగితం పొయ్యిలో వేసేవాళ్ళమని చెప్పేవారు. చట్టం పోయాక 1992 నుంచి ప్రతి బుధవారం ఈ ఇంటికి వస్తున్నారు. గుండీలు కుడతారు, సాక్సులు బాగుచేస్తారు, అడిగితే కథ చెప్తారు. పిల్లలు వాళ్ళను చూసి పరిగెత్తుకు రారు, మెడకు చుట్టుకోరు. ఇంట్లో ఉన్న నాయనమ్మను చూసినట్టు చూసి ఆటలోకి పోతారు. ఆ పొద్దున ఒక పిల్ల మెట్ల మీద పడి మోకాలు కొట్టుకుంది. చుట్టూ పన్నెండు మంది అమెరికావాళ్ళు, అందులో ఒక నర్సు, డాక్టరు చదివే నేను. ఆ పిల్ల మా అందరినీ దాటుకొని కుంటుకుంటూ పోయి ముసలమ్మ ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది.

రెండు నుంచి నాలుగు దాకా ‘తిఖీ చాస్’, అంటే నిశ్శబ్ద వేళ. రష్యాలో పిల్లలుండే ప్రతిచోటా మధ్యాహ్నం పడుకోబెడతారు. ఇల్లంతా సద్దుమణిగింది. వస్పితాతెల్నిత్స నన్ను పిలిచి టీ పోసింది. తర్వాత తాళం తీసి ఒక గది చూపించింది. నేల నుంచి కప్పు దాకా మెత్తటి బొమ్మలు, ఎలుగుబంట్లు, కుందేళ్ళు, కొన్నింటికి ఇంకా చీటీలు కూడా తీయలేదు.

‘ఇవన్నీ వచ్చిపోయినవాళ్ళు ఇచ్చినవే, బిడ్డా. పిల్లలు తీసుకున్న రోజు పక్కలో పెట్టుకొని పడుకుంటారు. వాళ్ళు పోయిన మూడో రోజు చెవులు పీకేస్తారు, కిటికీలోంచి విసిరేస్తారు. వారం పాటు పక్కలు తడుస్తాయి, పదేళ్ళవాళ్ళవి కూడా. కొట్టుకుంటారు. ఆ వారం నాకు నిద్ర ఉండదు.’

మమ్మల్ని రావద్దంటున్నారా అని అడిగాను. ఆమె చాలాసేపు ఆలోచించింది. ‘రండి. నాలుగు రోజులు వీళ్ళు కడుపునిండా నవ్వారు. ఆ నవ్వు నేను తేలేను, నాకు జీతం రెండు నెలలుగా రాలేదు, నాకే నవ్వు లేదు. చుట్టాల్లాగా రండి. కానీ మాట ఇవ్వకండి. మాట ఇచ్చినవాళ్ళనే వీళ్ళు ఇప్పటికీ కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నారు.’

మన భాషలో చుట్టపు చూపు అంటాం. వచ్చిన చుట్టం చుట్టమే, ఇంటిమనిషినని చెప్పుకోదు, పోయే రోజు ముందే చెప్పి వస్తుంది. ఆ రోజు దాకా ఆ మాటలో ఇంత మర్యాద ఉందని నేను అనుకోలేదు.

నిద్ర లేచాక పిల్లలకు పాలు, బన్ను పెట్టి, అందరం అడవి అంచుకు పోయాం. దోమలు విపరీతం. గడ్డిలో అడవి స్ట్రాబెర్రీలు పండి ఉన్నాయి, చిటికెన వేలి గోరంత, వాసన మాత్రం పది గజాల దూరం వస్తుంది. రష్యా పిల్లలు వాటిని కోసి గుప్పిట్లో పెట్టుకోరు. పొడుగాటి గడ్డి పరక తుంచి, దానికి ఒక్కో పండూ గుచ్చుతారు, మన దగ్గర మల్లెమొగ్గలు గుచ్చినట్టు. అమ్మ ఏదని అడిగిన పిల్లవాడు ఒక పరక నిండా గుచ్చి తెచ్చి నా చేతిలో పెట్టాడు. తినమన్నాడు. తింటుంటే లెక్కపెట్టాడు. పద్దెనిమిది. ‘రేపు కూడా దొరుకుతాయి, చెరువు వైపు ఇంకా ఎక్కువ’ అన్నాడు. రేపు మేం రామని వాడికి తెలుసు. ఊరికే అని చూశాడు. నేను ఏమీ అనలేకపోయాను.

ఏడింటికి బస్సు వచ్చింది. రష్యన్లకు ఒక ఆచారం, ప్రయాణానికి ముందు అందరూ ఒక్క నిమిషం మాట్లాడకుండా కూర్చుంటారు. పోయేవాళ్ళూ కూర్చోవాలి, ఉండేవాళ్ళూ కూర్చోవాలి. మెట్ల మీద, బెంచీల మీద, నేల మీద, ఎనభై మందిమి కూర్చున్నాం. ఒక్క గొంతు లేదు. దోమలు ముసురుతున్నా ఎవరూ చెయ్యి విదిలించలేదు.

లేచాక ఏడుపులు మొదలయ్యాయి. ఆ కాలేజీ అమ్మాయి చేతిని పదకొండేళ్ళ ఆడపిల్ల ఒకతె రెండు చేతులతో పట్టుకుంది. ‘మళ్ళీ వస్తావా?’ అంది. నేను చెప్పాను. ఆ అమ్మాయి వెక్కివెక్కి ఏడుస్తూ, ‘వచ్చే ఏడు తప్పకుండా వస్తాను, దేవుని మీద ఆన, అని చెప్పు’ అంది నాతో.

నాలుగు రోజుల్లో నేను ఎన్ని మాటలు దాటించి ఉంటానో. పాటలు, కథలు, ఆటల లెక్కలు, ప్రార్థనలు, దెబ్బ ఎక్కడ తగిలిందన్న ప్రశ్నలు. ఏదీ ఆపలేదు, ఏదీ మార్చలేదు, ఆ ఒక్క కథ పేరు తప్ప. ఈ మాట దగ్గర నా నోరు ఆగిపోయింది. ఆమె వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగాను, ‘నిజంగా రాగలవా? టికెట్టు, వీసా, సెలవు, అన్నీ కుదురుతాయా?’ ఆమె నా ముఖం చూసింది. ఆ చూపులో కోపం వచ్చి పోయింది. తర్వాత, ‘తెలియదు’ అంది. ‘మరి ఏం చేయగలవు?’ అన్నాను. ‘ఉత్తరం రాయగలను.’

రష్యన్‌లో చెప్పాను: ‘రావాలని ఆమెకు చాలా ఉంది. రాగలదో లేదో ఆమెకు తెలియదు. ఉత్తరం మాత్రం రాస్తుంది.’ ఆ పిల్ల వినింది. ‘సరే’ అంది. చేతులు వదలలేదు గాని, పట్టు కాస్త సడలింది. అంతటి పసిది, ఆ సమాధానాన్ని పెద్దమనిషిలా అందుకుంది. అప్పటిదాకా అట్లాంటి సమాధానం ఆమెకు ఎవరూ ఇవ్వలేదేమో.

ఆ అమ్మాయి ఉత్తరాలు రాసింది. రెండేళ్ళపాటు వచ్చాయి. ప్రతి ఒక్కటీ నేనే చదివి చెప్పాను.

తిరుగు బస్సులో ఎవరూ మాట్లాడలేదు. ఎనిమిది దాటినా ఎండ పొలాల మీద పసుపు పచ్చగా పరుచుకొని ఉంది. నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా ముత్తాత కాలంలో నల్లగొండకు వచ్చిన మిషనరీ దొర, దొరసానమ్మల గురించి ఆమె చెప్పేది. చిన్నప్పుడు ఊరికే విన్నాను. కాలేజీ రోజుల్లో చదివి తెలుసుకున్నాను, ఆ దొర పేరు అబ్రహాం ఫ్రీజెన్, వచ్చింది రష్యా నుంచి. 1889లో. అప్పటి రష్యా సామ్రాజ్యపు దక్షిణాన, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉండే మెన్నోనైట్ క్రైస్తవుల రైతు గ్రామాలవాళ్ళు, ఇంట్లో జర్మన్ మాట్లాడేవాళ్ళు. భార్య మరియాతో కలిసి వచ్చి, తెలుగు నేర్చుకొని, నల్లగొండలో కాపురం పెట్టారు. వాళ్ళ వెనక అక్కడి నుంచి ఇంకొందరు వచ్చారు. 1914 యుద్ధం, 1917 విప్లవం వచ్చి వాళ్ళకు స్వదేశంతో దారి తెగిపోయింది. పంపేవాళ్ళు లేకపోయినా కొందరు ఇక్కడే ఉండిపోయారు. మా ముత్తాతకు జ్వరమొస్తే, ‘ఎప్పటి నుంచిరా?’ అని తెలుగులో అడిగిన మనుషులు వాళ్ళు. దొరల మీద మా నాయనమ్మకు కోపాలు కూడా ఉండేవి, గద్దింపులూ పెత్తనాలూ ఆమె మరచిపోలేదు. కాని ఆమె ఎప్పుడూ ఒక మాట అనేది, ‘మన మాట నేర్చిండ్రు బిడ్డా.’

ఈ బస్సులోని పన్నెండు మంది అమెరికావాళ్ళలో ఒక్కరికీ రష్యన్ రాదు. అది వాళ్ళ తప్పు కాదు, పది రోజులకు ఎవరు నేర్చుకుంటారు? నాకు వచ్చు. ఇంకో మూడేళ్ళు ఈ ఊళ్ళోనే ఉంటాను. బస్సు చార్జీ ముప్ఫై నలభై రూబుళ్ళు. కిటికీకి తల ఆనించి ఈ లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. పదింటికి ట్వేర్ వంతెన మీదకు వచ్చేసరికి పొద్దు వోల్గాలోకి దిగుతోంది.

ఆ రోజు అక్కడితో అయిపోయింది. తర్వాత సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అట్లాంటి బృందాలు ఇప్పుడు రష్యాకు పోవడం దాదాపు ఆగిపోయింది. 2012 చివర్లో వచ్చిన చట్టం అమెరికావాళ్ళు రష్యా పిల్లలను దత్తత తీసుకోకుండా ఆపింది. 2016 జులైలో వచ్చిన సవరణలు విదేశీయులు మతం గురించి బోధించడానికి గట్టి కట్టడి పెట్టాయి. 2014లో ప్రభుత్వం పిల్లల ఇళ్ళను కుటుంబాల్లాంటి చిన్న గుంపులుగా మార్చమని ఉత్తర్వు ఇచ్చింది, అది మంచి పని. మా ముసలమ్మలిద్దరూ ఇప్పుడు లేరు. నేను తిరిగి వచ్చేదాకా వాళ్ళ బుధవారాలు తప్పలేదు.

నేను ఆదివారాలు పోవడం మొదలుపెట్టాను, ఆరాధన అయ్యాక మధ్యాహ్నం బస్సుకు. ఎవరికీ మాట ఇవ్వలేదు. మొదటి ఆదివారం ఎవరూ పరిగెత్తుకు రాలేదు. అమెరికావాళ్ళు ఎక్కడని అడిగి, లేరంటే ఆటకు పోయారు. ఆ తొమ్మిదేళ్ళవాడు దూరం నుంచి చూసి ముఖం తిప్పుకున్నాడు. రెండో ఆదివారం పక్కన కూర్చున్నాడు, మాట్లాడలేదు. మధ్యలో ఒక వారం పోలేదు. మరుసటి వారం ఎందుకు రాలేదని గద్దించాడు. సెప్టెంబరు వచ్చింది, భూర్జ ఆకులు పసుపుబారాయి. ఆ నెలలో ఒక ఆదివారం గుమ్మంలో బూట్లు విప్పి, ఎప్పటిలాగే మూలనున్న అట్టపెట్టె వైపు వంగాను.

‘అక్కడ కాదు’ అన్నాడు వాడు, గోడ దగ్గర నిలబడి.

పిల్లల అరల వరసలో, కింద నుంచి రెండో దాంట్లో, నీలిరంగు తాపచ్కి జత ఒకటి ఉంది. ఒక దాని అడుగు కాస్త ఊడితే లావు దారంతో కుట్టారు. రెండింటి మీదా సిరాతో, పెద్ద పెద్ద వంకర అక్షరాలతో, ‘జితా’ అని రాసి ఉంది.